దేవుని గూట్లో సీసా

2007 జనవరి 9, మంగళవారం. ఎడపల్లి

హైదరాబాద్‌లో మూడేళ్లుగా ఏం చదువుతున్నావని బాపు ఇవాళ అడిగాడు. పీహెచ్‌డీ అంటే ఆయనకు సరిపోలేదు. బ్యాగులోంచి శాంపిల్ సీసా తీశాను. ఇవి పెప్టైడ్లు, కంటికి కనబడనంత చిన్న ప్రోటీన్ ముక్కలు, ఉప్పునీళ్లు తగిలితే వాటంతట అవే ఒకదాన్నొకటి పట్టుకుని జెల్ అవుతాయి, ఎవరూ అతకరు అని చెప్పాను. ఎలుకల పుండ్లు దీనితో మానుతున్నాయని కూడా చెప్పాను. సీసా తలకిందులు చేశాను. జెల్ జారలేదు. ఎవ్వలు చెప్పకుండనే గవే కలుస్తయా అంటూ బాపు నాలుగుసార్లు తిప్పి చూశాడు. అవ్వ దానికి బొట్టు పెట్టి దేవుని గూట్లో పెట్టింది. వద్దనాల్సింది. అనలేదు, గర్వంగా ఉండింది.

జనవరి 26

అవ్వ ఫోన్. నరికిన చెరుకు మోడు దిగి బాపు అరికాలు చీరిందట. షుగర్ ఉన్న మనిషి, చేన్లో చెప్పులేసుకోడు. పసుపు అద్దినం, రక్తం ఆగింది అంది. పసుపు చాలదు, నిజామాబాద్ పోయి డాక్టర్‌కు చూపించమన్నాను. సరేనంది.

రెట్టించి అడగలేదు నేను. ఎలుకల రెండో బ్యాచ్ నడుస్తోంది.

ఫిబ్రవరి 8

తొమ్మిదో రోజుకే ఎలుకల పుండ్లన్నీ మూసుకున్నాయి. గైడ్ సార్ చేయి కలిపారు.

ఫిబ్రవరి 11, ఆదివారం. ఎడపల్లి

గడపలోనే వాసన కొట్టింది. బాపు అసలు దవాఖానకే పోలేదు. నా బిడ్డ మందు చేస్తున్నది, గదే తెస్తది అని పదహారు రోజులుగా ఊరందరికీ చెబుతున్నాడట. నాకు చెప్పొద్దన్నాడట, చదువు ఆగుతుందని. కట్టు విప్పాను. వేళ్లు నల్లబడ్డాయి. కన్నతల్లని చూడకుండా అవ్వను నోటికొచ్చినట్టు తిట్టాను. ఎలుకలకు మానిందని నువ్వే అంటివి గదా బిడ్డా అంది.

ఎలుకలకు పుండు మేమే చేస్తాం. శుభ్రంగా, కొలిచి. వాటికి చీము ఉండదు. ఆ ఒక్క ముక్క ఆ రోజు ఎందుకు చెప్పలేదు నేను.

ఫిబ్రవరి 12

నిజామాబాద్ కంఠేశ్వర్‌లో డాక్టర్ చూశాడు. మోకాలి కిందికి కాలు తీసేయాలి, రేపే అన్నాడు. బాపు ఆయన్ను చూడలేదు, నన్ను చూశాడు. నీ మందు ఒక్కపారి పెట్టి సూడు, నేను ఎలుకకంటె అధ్వానమా అన్నాడు. మనుషులకు వాడాలంటే ఇంకా పదేళ్లు పడుతుందన్నాను. పది దినాలైతే ఆగేటోణ్ణి అన్నాడు.

బయటికొచ్చి సార్‌కు ఫోన్ చేశాను. ఏం అడగడానికి చేశానో నాకే తెలియదు. పెట్టకూడదు, చీము మీద పెడితే ఇంకా చెడుతుంది అన్నారు. నాకు తెలుసు. నన్నెవరడిగినా అదే చెప్తాను. తెలిసి ఏం లాభం. ఏడుపొచ్చింది, ఏడ్చాను.

ఫిబ్రవరి 13, ఉదయం 9

ఆపరేషన్ ఫారం మీద కూతురిగా సంతకం నాతోనే పెట్టించారు.

మార్చి 4. ఎడపల్లి

బాపు మంచం మీంచే సీసా అడిగాడు. తలకిందులు చేశాడు. జారలేదు. హైదరాబాద్ తీసుకుపోతానన్నాను, ఇయ్యలేదు. మళ్లీ గూట్లోనే పెట్టమని అవ్వకు ఇచ్చాడు. ఇంకో కాలున్నది గదా అన్నాడు.