మామిడి అంట్లకు కట్లు విప్పాలి

దర్జీ చెల్లెమ్మా,

మన వీధి పండ్లతోటలో అందరి ముందూ నిన్ను కసిరాను. "గుడ్డలు కుట్టే చెయ్యి నా చెట్ల మీద వెయ్యకు" అన్నాను. నీకింకా కోపమే ఉంటుంది. అయినా ఇది చివరిదాకా చదువు.

కాలు విరిగి ఆసుపత్రిలో పడి ఉన్నాను. మంచం దిగొద్దన్నారు. పాత మామిడి మోళ్లకు నేను కట్టిన పద్దెనిమిది అంట్లూ చిగురేశాయని తోట కాపలా అతను వచ్చి చెప్పాడు. వీధంతా సంబరపడుతోందట. నాకు మాత్రం కంటి మీద కునుకు లేదు. కొమ్మ లావెక్కేకొద్దీ అంటు అతికిన చోట చుట్టిన ప్లాస్టిక్ కట్టు దాని పీక నొక్కేస్తుంది. పైగా చేతులు వణుకుతుంటే ఊడిపోతాయేమోనని రెండేసి చుట్లు ఎక్కువ బిగించాను. వణుకు సంగతి ఎవరికీ చెప్పలేదు. నువ్వూ చెప్పకు.

తోట తాళంచెవి అతని చేత పంపుతున్నాను. ఈ వారం దాటనివ్వకు. నీ చిన్న కత్తెరతో చిగురుకు వెనకవైపున కట్టు మాత్రం కత్తిరించు. బెరడు తెగకూడదు. కట్టు పట్టి లాగకు, దానంతటదే ఊడుతుంది. బట్ట చిరగకుండా కుట్లు విప్పేదానివి, నీకు నేను చెప్పేదేముంది.

తప్పయిందని రెండుసార్లు రాసి కొట్టేశాను. ఆ మాట రాయడం నాకు చేతకాదు.

ఎన్ని బతికాయో కబురు పెట్టు. ముసలాడు బాధపడతాడని ఒక్కటి కూడా ఎక్కువ చెప్పకు.

మీ తోట ముసలాడు