మేం అడగని గ్రాంటు

లగూన్ ఒడ్డు, మోస్కిటియా
అక్టోబరు, సోమవారం

మెల్వాకు,

ఇక్కడ అందరం కులాసా అని మొదటి వరసలోనే రాయడం మనకు అలవాటు. ఈసారి ఆ మాట దగ్గర కొంచెం ఆగాను. మీ అమ్మకు దగ్గు తగ్గింది. మన చిన్నది నిల్సా బడికి వెళ్తోంది. వేళకు తింటున్నాం. నువ్వు కూడా ఆ దీవిలో ఒంట్లో బాగున్నావనీ, నువ్వు పనిచేసే ఇంటి అమ్మగారు ఆదివారమైనా నిన్ను చర్చికి పోనిస్తోందనీ అనుకుంటున్నాను.

ఫోన్ చేస్తే రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తున్నానని కోప్పడ్డావు. ఫోన్ ఆఫీసులో నా కుర్చీ వెనకే జనం వరసకట్టి నిలబడతారు. నేను దగ్గినా వాళ్ళు వింటారు. ఈ ఉత్తరంలో రాసేవి అలా అందరి మధ్య చెప్పగలిగినవి కావు. నెరిడా మళ్ళీ మీ దీవికే పనికి వస్తోంది కాబట్టి ఆమె చేతికిచ్చి పంపుతున్నాను.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబు రాస్తాను. వంటింటి పైకప్పు బాగు చేయించాను. నిల్సాకు గౌను సరిపోయింది, చేతులు మాత్రం పొట్టి. నా వీపు మీద కదలకుండా ఉంటే పడే పుండ్లేమీ లేవు, మీ అమ్మ రోజూ వెతికి మరీ చూస్తోంది. మనవాడు డెన్మర్ చదువు సంగతి తర్వాత రాస్తాను.

హస్కెల్ అన్న గురించి అడిగావు. ఆయన వానాకాలం మొదట్లో పోయాడు. ఫోన్లో నువ్వు ఆయన్ని అడిగానని చెప్పమన్నప్పుడు "అలాగే" అన్నాను చూడు, అప్పటికే ఆయన్ని పాతిపెట్టి వచ్చాం. నన్ను తిట్టుకో. ఎలా పోయాడో చెప్పాలంటే గ్రాంటు దగ్గర మొదలుపెట్టాలి.

రాజధాని నుంచి డాక్టర్ ఒనేయ్డా వస్తోందని లోగడ రాశాను కదా. సముద్రం అడుగున గాలిపీపాతో ఎండ్రరొయ్యలు పట్టి, పైకి తేలేసరికి నడుము కింద చచ్చుబడిపోయిన నాలాంటి వాళ్ళ గురించి ఆవిడ చాలా ఏళ్ళుగా చదువుతోంది. యూరప్‌లో ఒక ఫౌండేషన్ ఉందనీ, అది రెండు రకాల గ్రాంట్లు ఇస్తుందనీ చెప్పింది. ఒకటి ఆరోగ్య పరిశోధనకు. అది వస్తే ఆసుపత్రి వెనక రేకుల షెడ్డులో పాడైపోయిన గాలి ఒత్తిడి గదిని బాగు చేయించవచ్చు. కొత్తగా దెబ్బతిన్నవాణ్ణి వెంటనే ఆ గదిలో పెట్టి వైద్యం చేస్తూ, ఎవడికి ఎంతవరకు కాళ్ళు తిరిగొస్తాయో రాసుకుంటారు. రెండోది వికలాంగుల సేవలకు. అది వస్తే ఇంటింటికీ తిరిగి పుండ్లు కడిగే నర్సు, కాళ్ళూ చేతులూ ఆడించే మనిషి, ఇసకలో కూరుకుపోని వెడల్పు చక్రాల కుర్చీలు. ఒక సంఘం ఒక్కదానికే దరఖాస్తు పెట్టాలి. ఏది కావాలో మీరే తేల్చుకోండని ఆవిడ వెళ్ళిపోయింది.

వెళ్ళేముందు మీ అమ్మ ఆవిడకు కొబ్బరి రొట్టె పెట్టి, ఈ జబ్బు ఎందుకొస్తుందో నువ్వు కనిపెట్టావా అని అడిగింది. రక్తంలో గాలి బుడగలమ్మా అని ఆవిడ ఓపిగ్గా చెప్పింది. "సరే, ఆ బుడగల్ని పంపింది నీళ్ళలో ఉండే లీవా తల్లి అని కూడా రాసుకో. నీ పుస్తకంలో ఆ ముక్క లేదు" అంది మీ అమ్మ. ఆవిడ నవ్వకుండా రాసుకుంది. అప్పటినుంచి మీ అమ్మకు ఆవిడంటే గౌరవం.

చర్చి హాల్లో మా దెబ్బతిన్నవాళ్ళ సంఘం కూర్చుంది. కుర్చీల్లో వచ్చినవాళ్ళు, భార్యలు మోసుకొచ్చినవాళ్ళు, కర్రల మీద వచ్చినవాళ్ళు. సేవల గ్రాంటే కావాలని హస్కెల్ అన్న మాట్లాడాడు. నువ్వెరుగుదువు కదా ఆయన మాట. "రేపు పడబోయేవాడి పేరేంటో నాకు తెలీదురా. నా పేరు హస్కెల్. నా వీపు మీద నా పిడికిలి పట్టేంత పుండు ఉంది. ముందు దాని సంగతి చూడండి" అన్నాడు. చాలామంది తలలూపారు.

తర్వాత నేను మాట్లాడాను. సెక్రటరీని కదా, నా మాటకి విలువ ఉంది. మన బతుకులు ఎలాగూ ఇలా అయ్యాయి, ఇంకా నీళ్ళలో ఉన్న కుర్రాళ్ళని కాపాడుకుందాం, గది పనిచేస్తే వాళ్ళు మనలా కుర్చీల్లో కూర్చోరు అన్నాను. నా గొంతు వణికింది. వాళ్ళ కళ్ళు తడిశాయి. చేతులెత్తమంటే పరిశోధన వైపు నాలుగు చేతులు ఎక్కువ లేచాయి. హస్కెల్ అన్న నావైపు తిరిగి, "సరేరా సెక్రటరీ, నీ మాటే నెగ్గింది. వీలైతే నా పుండుని కూడా పరిశోధించమను" అని నవ్వాడు. అందరం నవ్వాం.

గ్రాంటు వచ్చింది. చేపల పులుసు వండుకుని పండగ చేసుకున్నాం. గది బాగుపడింది, దాన్ని నడిపే మనిషి వచ్చాడు.

హస్కెల్ అన్న పుండు లోపలికి తొలుచుకుపోయింది. జ్వరం పట్టుకుంది. ఒర్లిండా వదిన ఉప్పునీళ్ళతో కడిగేది. ఆ గ్రాంటులోంచి కొంత తీసి ఒక నర్సుని పెట్టలేమా అని డాక్టర్ ఒనేయ్డాని అడిగాను. "కొత్తగా దెబ్బతిన్నవాళ్ళ కోసమని రాసి తీసుకున్నాం రాస్మెల్. ఇంకోదానికి తీస్తే మొత్తం వెనక్కి తీసుకుంటారు" అని, తన సొంత డబ్బుతో మందులూ గాజుగుడ్డా కొని పంపింది. అవి చాలలేదు. పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి విమానం దొరికేలోపు ఆయన పోయాడు.

పోవడానికి ముందు చూడటానికి వెళ్ళాను. గదంతా వాసన. బోర్లా పడుకోబెట్టారు. మొహం పక్కకి తిప్పి, "ఏరా, ఆ మీటింగ్ అయినప్పటినుంచీ నా కళ్ళలోకి చూడవేంటి? ఓడింది నేను కదా, సిగ్గు నీకెందుకు?" అన్నాడు. నేను ఎండ ఎక్కువగా ఉందని ఏదో అన్నాను. నిజం చెప్పడానికి అదొక్కటే సందు దొరికింది. దాన్నీ పోగొట్టుకున్నాను.

మెల్వా, ఇక డెన్మర్ చదువు సంగతి.

వాడు క్రిస్మస్ తర్వాత బడి మానేశాడు. చిన్న దోనె నడపడానికి ఎండ్రరొయ్యల పడవ ఎక్కుతానన్నాడు. నీళ్ళలోకి దిగననీ, దిగేవాళ్ళకి తెడ్డు వేస్తాననీ ప్రమాణం చేశాడు. అమ్మ ఒక్కతే ఎంతకని సంపాదిస్తుంది నాన్నా అన్నాడు. ఒప్పుకున్నాను. నీకు చెప్పొద్దన్నాడు, దానికీ ఒప్పుకున్నాను. రెండోసారి తిరిగొచ్చినప్పుడు వాడి మొహం చూశాను. నుదుటి మీదా చెంపల మీదా నీళ్ళలో పెట్టుకునే ముసుగు అద్దం ఒరుసుకున్న గీత. పదిహేనేళ్ళు నా మొహం మీద ఉన్న గీత, నేను పోల్చుకోలేనా? దిగుతున్నావా అంటే తలవంచుకున్నాడు. తిట్టాను, ఏడ్చాను. మళ్ళీ పడవ వచ్చింది. మళ్ళీ వెళ్ళాడు. ఈ కుర్చీలోంచి లేచి వాణ్ణి ఆపలేకపోయాను.

ఆ మీటింగ్ అప్పటికి నాకు ఇదంతా తెలుసు. కుర్రాళ్ళని కాపాడుకుందాం అని నేను అన్నప్పుడు నా కళ్ళ ముందు ఉన్నది ఒక్క కుర్రాడే. నా గొంతు వణికింది వాడి కోసం. వాళ్ళేమో నాది పెద్ద మనసు అనుకున్నారు.

భయపడకుండా చదువు. ఆగస్టులో వాణ్ణి పడవలోంచి ఇద్దరు మోసుకొచ్చారు. నడుము కింద స్పర్శ లేదు. వాణ్ణి నేరుగా గదిలో పెట్టారు. నేను షెడ్డు బయట ఉన్నాను. లోపల్నుంచి గాలి కొట్టే చప్పుడు వింటూ, మీ అమ్మ లీవాకి మొక్కుతుంటే నేను యేసుని వేడుకున్నాను. మూడో రోజుకి కాలివేళ్ళు కదిలాయి. ఇప్పుడు వాడు నడుస్తున్నాడు. కుడికాలు ఈడుస్తాడు, అంతే. మూత్రం కూడా తనంతట తనే పోస్తున్నాడు. ఇది నీకు చెప్పాలి, ఎందుకంటే నీకు తెలుసు అది ఎంత పెద్ద మాటో. "గది లేకపోయుంటే వాడికీ మీలాగే కుర్చీ తప్పేది కాదు" అని డాక్టర్ ఒనేయ్డా సంతోషంగా నా భుజం తట్టింది. ఆ సంతోషంలో నేను కలవలేకపోయాను.

వాడు షెడ్డులో ఉన్నన్నాళ్ళూ ఒర్లిండా వదిన అరటికాయ జావ కాచి తెచ్చేది. నాతో మాట్లాడేది కాదు. నీకెందుకు వదినా ఈ శ్రమ అంటే, "నీకోసం తేలేదు. వీడికి ఈత నేర్పింది మీ అన్న" అంది.

వాడు నా కుర్చీ వెనక పిడులు పట్టుకుని నడక కూడదీసుకుంటున్నాడు. ఎవరు ఎవర్ని నడిపిస్తున్నారో చూసేవాళ్ళకు తెలియదు. నిన్న అలాగే ఇద్దరం చర్చి హాలుకి వెళ్ళాం. వచ్చే ఏటికి సేవల గ్రాంటు అడుగుదామని సంఘం కూర్చుంది. దరఖాస్తు నన్నే రాయమన్నారు. నేను రాయడానికి ముందు ఒక మాట వినండి అని, నీకు పైన రాసిందంతా చెప్పాను. డెన్మర్ నా వెనకే నిలబడి విన్నాడు.

ముందు తిబుర్సియో ముసలాయన గొంతు సవరించుకున్నాడు. "ఓస్, ఇదేనా. నీ ఉపన్యాసం విని చెయ్యెత్తామనుకున్నావా? నా మనవడూ ఆ పడవ మీదే ఉన్నాడు. వాడి కోసమే నేను ఎత్తాను" అన్నాడు. ఇంకొకాయన తన ఇద్దరు కొడుకుల పేర్లు చెప్పాడు. ఇంకొకాయన అల్లుడి పేరు. హాల్లో నవ్వు లేచింది. పోనీలే, అందరం ఒకటే అని ఎవరో నా వీపు తట్టారు. నా గుండె మీద బరువు దిగిపోతుందనే అనుకున్నాను మెల్వా.

ఒర్లిండా వదిన గోడ పక్కన కూర్చుని ఉంది. ఆవిడ లేవకుండానే, "మా ఇంట్లో కొడుకు లేడు" అంది.

నవ్వు ఆగిపోయింది. ఆవిడ నావైపే చూస్తోంది.

"ఆ రోజు నువ్వు డెన్మర్ నీళ్ళలో దిగుతున్నాడన్నా అని ఒక్క ముక్క అనుంటే, అందరికంటే ముందు చెయ్యెత్తేవాడు ఆయనే. తన పుండు సంగతి మర్చిపోయి ఎత్తేవాడు. ఆయన ఇచ్చి పోవాల్సింది నువ్వు లాక్కున్నావు రాస్మెల్" అంది.

ఆవిడ గొంతు పెంచలేదు. ఏడవలేదు కూడా. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. నా వెనక పిడుల మీద డెన్మర్ చేతులు బిగుసుకోవడం కుర్చీలోంచి నాకు తెలిసింది.

దరఖాస్తు రాయడం మొదలుపెట్టాను. ఎవరి కోసం అడుగుతున్నామో ఈసారి పేర్లు పెట్టి రాస్తున్నాను. వాడి మీద కోప్పడకు, ఆ కోపం నాకు దాచు. సెలవు దొరికితే రా. వాడు నీతో ఏదో చెప్పాలంటున్నాడు, నాకు చెప్పడం లేదు. వచ్చినప్పుడు ముందు ఒర్లిండా వదిన ఇంటికి వెళ్ళి, ఆ తర్వాతే మనింటికి రా. నేను ఆ గుమ్మం దాకా వెళ్ళి రెండుసార్లు తిరిగొచ్చాను.

ఇట్లు,
నిన్ను అడగకుండా నీ కొడుకుని సముద్రంలోకి పంపినవాడు,
పిల్లల నాన్న
రాస్మెల్