రెండూ ఎడమచేతివే

చిరంజీవికి పెద్దమ్మ దీవెనలు.

ఫోనులో చెబితే ఊఁ కొట్టి మరిచిపోతావని ఉత్తరం రాస్తున్నాను. కోల్డ్ స్టోరేజీ వాళ్ల ఉన్ని గ్లౌజులు ఉతకడం తేలికే, జతలు కలిపేసరికే ప్రాణం పోతోంది. నువ్వు మా లాండ్రీ కంప్యూటర్లో పెట్టిన ప్రోగ్రాం వాటినెలా కలుపుతుందో అర్థమయ్యేట్టు రాయి.

ఉంటాను,
పెద్దమ్మ

తా.క.: కోడలు పొడిపొడిగా మాట్లాడింది. ఏమైంది?

పెద్దమ్మకు నమస్కారాలు.

మా ప్రోగ్రామింగ్ భాషతో పాటే కొన్ని పనిముట్లు వస్తాయి. వాటిలో ఒకటి పోలిక చూసేది. రెండు వస్తువులు చూపిస్తే సమానమో కాదో చెప్పి ఊరుకుంటుంది. ఏ పనికైనా అప్పగించవచ్చు. నీ గ్లౌజులకు అప్పగించాను. రంగు, సైజు, ఉన్ని సమానమైతే అది జత.

నీ కొడుకులాంటివాడు

తా.క.: నీ కోడలిదీ నాదీ ఒకటే ఉద్యోగం, ఒకటే ఇల్లు. ఇంకే విషయంలోనూ పోలిక లేదు, మాటలూ లేవు. వచ్చే నెల విడిపోదామనుకుంటున్నాం. మనసేం బాగోలేదు.

నాయనా,

నీ తెలివి తెల్లారినట్టే ఉంది! ఒకాయనకు రెండూ ఎడమచేతివే వెళ్లాయి. కుడిచెయ్యి జేబులో దోపుకుని పెట్టెలు మోశాడట. మేనేజరు నామీద గుడ్లురిమాడు.

తల కొట్టుకుంటూ,
పెద్దమ్మ

తా.క.: విడిపోవడానికి అంత తొందరేమిటి?

పెద్దమ్మా, క్షమించు.

చెయ్యి సంగతి మరిచాను. ఇప్పుడు రంగు, సైజు, ఉన్ని, చెయ్యి నాలుగూ సమానమైతేనే జత అని చెప్పాను. ఇక తిరుగులేదు.

నీవాడే

తా.క.: సామాను పంచుకుంటున్నాం. కుక్కరు దగ్గర ఆగింది.

ఒరేయ్ మేధావీ,

ఇదివరకు పొరపాటునైనా కొన్ని కుదిరేవి. ఇప్పుడు ఎడమకు ఎడమ, కుడికి కుడి! అచ్చంగా ఒకేలాంటివి రెండుంటే ఒక చెయ్యి చలికి వదిలెయ్యాల్సిందే. నీ బుర్రకిది ఎక్కదు, కోడల్ని అడుగు. ఆదివారంలోగా తేలకపోతే కాంట్రాక్టు పోతుంది.

ఓపిక నశించిన
పెద్దమ్మ

తా.క.: కుక్కరు నాకు పంపండి, గొడవ వదులుతుంది.

పెద్దమ్మకు వేల నమస్కారాలు.

సిగ్గు విడిచి తన గది తలుపు తట్టాను. నీ ఉత్తరం చదివి పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో! ఒకే బల్ల దగ్గర కూర్చున్నాం. మిగతావన్నీ సమానం, చెయ్యి మాత్రం వేరుగా ఉండాలి అని తనే రాసింది. అది రెండుసార్లు చదివాను. వేరే ఇల్లు వెతకడం మానేశాను.

నీ మందమతి

తా.క.: అత్తయ్యగారూ, ఆయన కవరు కోసం లేచారు, గబగబా రాస్తున్నాను. కొత్త ప్రోగ్రాం మీ కంప్యూటర్లోకి ఎక్కిస్తూ చూశాను. పాతదాన్ని మీరు ఇన్నాళ్లలో ఒక్కసారీ తెరవలేదు! ఆ తప్పులన్నీ ఆయన ఉత్తరాల్లోంచే పట్టారన్నమాట. ఆయనకు చెప్పలేదులెండి. కొత్తదాంట్లోనూ తప్పులున్నాయని వెంటనే రాయండి.