అరకు దాకా అంబులెన్సు

అక్టోబరు 1, 1998. విజయదశమి.

వచ్చేసింది! వేలంలో పాడుకున్న అంబులెన్సు ఈరోజు మా వీధిలోకి వచ్చింది. మెటాడోర్. ఎవరెవరినో ఆసుపత్రులకు మోసీ మోసీ రిటైరైన బండి. తెల్లరంగు పెచ్చులూడింది గానీ తాళం తిప్పగానే స్టార్టయింది. మంచి శకునం.

నా నిర్ణయం ఇక్కడ రాస్తున్నాను. ఈ బండిని ఇల్లులా మార్చేస్తాను. మంచం, ఫ్యాను, లైట్లు, చలి కాచుకోవడానికి హీటరు. డిసెంబరు 31న నేనూ నాగమణీ అరకులో, మా బండిలో, మా మంచం మీద!

ఎందుకో కూడా రాయాలి. నాగమణి పుట్టింది మల్కాపురంలో, రిఫైనరీ గోడ పక్కన. కాపురం చేసేది గాజువాకలో, రోలింగ్ మిల్లులో ఉడికి ఇంటికొచ్చే నాతో. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో నగ అడగలేదు, పట్టుచీర అడగలేదు. "ఒక్కసారి సలేసే ఊరు తీసుకెల్లు మావా" అని మాత్రం ఏటా అడుగుతుంది. ఏటా సరే అంటాను. ఏటా ఏదో షిఫ్టు అడ్డం పడుతుంది. పోయిన వారం చెప్పేసింది.

"ఈ ఏడు కూడా నేదంటే ఇంకెప్పుడూ అడగను మావా. నాకూ సిగ్గుంతాది గదా."

కోపంగా అని ఉంటే పర్వాలేదు. బియ్యంలో రాళ్ళేరుకుంటూ మామూలుగా అంది. నాకు భయమేసింది.

ఈరోజు బండి చూసి, "రైలెక్కితే మజ్జాన్నానికల్లా అరకులో ఉంతాం. ఈ బండేటి మావా?" అంది.

రైల్లో అందరూ వెళ్తారు. దీన్ని చూసి ఊరు ఊరంతా నోరు తెరవాలి!

గుమ్మడికాయ కొట్టాం. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాం.

అక్టోబరు 4, ఆదివారం.

బండి కడిగాను. ఫినాయిలు పోసి కడిగాను, సర్ఫు పోసి కడిగాను. స్పిరిటు వాసన పోలేదు. స్ట్రెచరు తీసేశాను. గ్లూకోజు సీసా తగిలించే కొక్కెం మాత్రం ఉంచాను, తువ్వాలు వేసుకోవచ్చు.

అరకులో లాడ్జీలున్నాయి కదా అంది నాగమణి. "లాడ్జీ పరుపుల మీద ఎవరెవరు పడుకున్నారో ఏమో!" అన్నాను.

ఆవిడ బండి వైపు ఓసారి చూసింది. "ఇందులో ఎవులెవులు తొంగున్నారో నీకు తెలుసేటి?"

దీనికి జవాబు ఆలోచించాలి.

మంచం చెక్కతో చేయించమని వీధిలో ప్రతివాడూ సలహా ఇస్తున్నాడు. చెక్క! చెద పడుతుంది, నానుతుంది, కిర్రుమంటుంది. ఇరవయ్యేళ్ళుగా స్టీలు సాగదీస్తున్నవాణ్ణి, నేను చెక్క మీద పడుకోవాలా? మొత్తం స్టీలే. తిరుగులేదు.

అక్టోబరు 11.

మంచం పూర్తి! ఆటోనగర్ షెడ్డులో దగ్గరుండి చేయించాను. ఎనిమిది ఎమ్మెమ్ ప్లేటు, కింద యాంగిలర్లు, నాలుగు మూలలా బండి నేలకే వెల్డింగు. ఆరుగురు పట్టి ఎక్కించారు. ఒకడికి నడుం పట్టేసింది.

తవిటయ్య చూడటానికి వచ్చాడు. నాగమణికి అన్న, నాకు మేనబావ. పెళ్ళిళ్ళకీ అమ్మవారి పండగలకీ లైట్లు కడుతుంటాడు. మన బండి వైరింగు అతనిదే.

"ఏటి బావా, దీనిమీద మా సెల్లి తొంగుంతాదా, ఏనుగు తొంగుంతాదా?"

"పది కాలాలపాటు ఉండాలి కదా బావా."

"మంచం ఉంతాది. బండే కుంగిపోనాది, ఎనక సూడు."

కుంగలేదు. కుదురుకుంది.

అక్టోబరు 19, దీపావళి.

వైరింగు పూర్తి! పండగ సీజను కదా, తవిటయ్య దగ్గర ఎర్ర వైరు తప్ప ఇంకేదీ మిగల్లేదు. అంతా ఎర్రదే వేశాడు. చూడటానికి బాగుంది.

స్విచ్చులు వేసి చూశాం. లోపల లైటు వేస్తే బండి నెత్తి మీది నీలం లైటు బుడ్డి గిరగిరా తిరుగుతోంది. ఫ్యాను వేస్తే ఫ్యాను తిరుగుతోంది, దాంతోపాటు సైరను కూడా మోగుతోంది. మా వీధి పిల్లలు కాకరపువ్వొత్తులు పారేసి బండి చుట్టూ చేరారు.

"ఇదేంటి బావా?"

"పాత వైరూ కొత్త వైరూ ఎక్కడో కలిసిపోనాయి బావా. ఏది ఏదో నాకూ తెలీటం నేదు, అంతా ఎర్రగున్నాది. పండగెల్లాక సూత్తాను."

చిన్న విషయం. ఇంకా రెండు నెలలుంది.

అక్టోబరు 25.

ట్రయల్ రన్. నాగమణిని వెనక కూర్చోబెట్టి బయల్దేరాను. గాజువాక జంక్షన్లో జామ్. లోపల ఉక్క. నాగమణి మర్చిపోయి ఫ్యాను వేసింది.

అందరూ తప్పుకున్నారు! లారీలు, బస్సులు, ఆవులు. ట్రాఫిక్ కానిస్టేబులు ఈలవేసి అటు బళ్ళన్నీ ఆపేసి నాకు చెయ్యి ఊపాడు. ఫ్యాను ఆపమని నాగమణికి చెప్పాలి. నిజం రాయాలంటే, జంక్షను దాటాక చెప్పాను.

ఆవిడ సిగ్గుతో కొంగు మొహం మీద కప్పుకుని మంచం మీద పడుకుంది. అదే కొంప ముంచింది. ఎదురింటి కాశమ్మ బస్టాపులోంచి ఆ దృశ్యం చూసింది. మేం ఇంటికొచ్చేసరికి వీధి వీధంతా బత్తాయిలు, బ్రెడ్డు ప్యాకెట్లు పట్టుకుని గుమ్మంలో ఉంది. కాశమ్మ అందరికంటే ముందు నిలబడి ఏడుస్తోంది.

"ఓలమ్మా నాగమణీ! నిన్ననే గదే కొలాయికాడ నాతో దెబ్బలాడినావు!"

"రేపూ ఆడతాను, ఎక్కడికీ పోను," అని లోపలికెళ్ళి అందరికీ టీ పెట్టింది నాగమణి. బ్రెడ్డు ఎవరూ వెనక్కి తీసుకెళ్ళలేదు. రెండు పూటలూ అదే తింటున్నాం.

నవంబరు 8.

పని జరగలేదు. బి షిఫ్టు. పైగా షార్జాలో మ్యాచ్‌లు. మనిషన్నాక విశ్రాంతి ఉండాలి.

నవంబరు 16.

తుఫాను. వీధిలో రేకులు ఎగిరాయి, కాశమ్మ కోళ్ళగూడు ఎగిరింది, రెండు స్కూటర్లు దొర్లిపోయాయి. మన బండి అంగుళం కదల్లేదు. స్టీలంటే ఏమిటో ఇప్పుడు తెలిసిందా?

ఈ వారం మాత్రం పని వద్దు. తడి.

నవంబరు 22.

హీటరు. మొదట కాయిల్‌తో చేశాం. బ్యాటరీ ఆవులించి పడుకుంది. అసలు ఈ ఊరి షాపుల్లో హీటరు ఉందా అనడిగితే, నీళ్ళు కాచేదా అంటున్నారు. గది వెచ్చబడేది అంటే నవ్వుతున్నారు.

చివరికి నేనే ఆలోచించాను. పొట్టు పొయ్యి! రంపప్పొట్టు కూరితే పూటంతా కాలుతుంది. పైన పొగగొట్టం. కాకపోతే రేకు డబ్బా కాదు, రెండు పొరల ప్లేటు. మంచం పక్కనే నేలకు వెల్డింగు. మిల్లులో ఫర్నేసు దగ్గర నిలబడ్డ అనుభవం ఊరికే పోతుందా!

బండి వెనక ఇంకొంచెం కుదురుకుంది.

నవంబరు 29.

హీటరు చూడాలంటే చలి కావాలి. చలి ఎక్కడిది ఈ ఊళ్ళో? వాకిట్లోనే వెలిగించాం. తవిటయ్య చొక్కా విప్పాడు, బనీను విప్పాడు, ఇంక విప్పితే బాగోదని దిగిపోయాడు.

అప్పుడు తట్టింది. ఫిషింగ్ హార్బరు! ఐసు ఫ్యాక్టరీ! మా వీధికి చేపలు తెచ్చే నూకాలుకి అక్కడ అందరూ తెలుసు. బండిని ఐసు గది గుమ్మానికి ఆనించి పెట్టనిస్తారంది. బదులుగా తన చేపల గంపలు బండిలో వేసుకురావాలంది. సరే అన్నాను.

గంపలు ఎక్కించాం. తలుపులు తెరిచి పెట్టాం, ఐసు గదిలోంచి పొగలుపొగలుగా చలి. పొయ్యి వెలిగించాను. ఏం వేడి! బ్రహ్మాండం! నేనూ తవిటయ్యా ఒకరి చేతులొకరం పట్టుకుని ఊపుకున్నాం. గంపల సంగతి ఇద్దరికీ గుర్తులేదు. ఐసంతా కరిగి బండిలో కాలవ కట్టింది.

"ఓరి బాబో! సేపలు తెమ్మంటే పులుసు సేసి తెత్తన్నావేటి!" అని నూకాలు హార్బరు అదిరిపోయేలా అరిచింది.

డిసెంబరు 6.

నాగమణి బండిలో తల పెట్టి చూసింది. "ఆసుపత్రి వాసన పోనాది మావా," అంది. సంతోషించాను. లోపలికి వెళ్ళాక సంతోషం పోయింది. వీధి పిల్లులన్నీ బండి కిందే కాపురం.

వాసన తగ్గేదాకా పని ఆపుతున్నాను.

డిసెంబరు 13.

తలుపుకి గొళ్ళెం లేదు. పరుపు లేదు. సైరను అలాగే ఉంది. తవిటయ్యకు పెళ్ళిళ్ళ సీజను, దొరకడం లేదు. నాకు జలుబు.

ఇంకో సంగతి. "ఎంతవరకొచ్చింది మావా?" అని నాగమణి రోజూ అడిగేది. వారం నుంచి అడగడం లేదు. మొదట హాయిగా ఉంది. ఇప్పుడు లేదు.

డిసెంబరు 20.

అలమరలో తువ్వాలు వెతుకుతుంటే రెండు స్వెట్టర్లు కనిపించాయి. పేవ్‌మెంట్ మీద టిబెటన్ల దగ్గర కొన్నట్టుంది. ఒకటి నా కొలత. చీరల అడుగున దాచింది. నాకు చెప్పలేదు.

చెప్తే నేను తొందరపడతాననా? లేక ఎలాగూ వెళ్ళం, ఎందుకు చెప్పడం అనా? రెండోదే అయి ఉంటుంది. నా మీద నాకే ఒళ్ళు మండింది. ఈరోజే గొళ్ళెం పెట్టాను. పరుపు వేశాను. సెలవు చీటీ ఇచ్చాను. డబుల్ డ్యూటీ చేయమన్నా చేయను, నిప్పులు కురిసినా 31న బండి కదులుతుంది!

డిసెంబరు 30.

సెలవు దొరికింది! సైరను సమస్య కూడా తీర్చేశాను. ఫ్యానూ లైటూ వేయం, అంతే.

"రేపు తెల్లారి అరకు," అన్నాను. నాగమణి చేతిలో చపాతీ పిండి అలాగే ఉంది. "నిజమేనా?" అంది. ఆ మొహం చూడాలి!

డిసెంబరు 31.

ఘాట్ కింద, బొడ్డవర దగ్గర టీకొట్టు బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. మధ్యాహ్నం. ఎండ మాడ్చేస్తోంది.

కొత్తవలస దాకా బాగానే వచ్చింది. ఎస్.కోటలో రేడియేటరు కుతకుతలాడింది, నీళ్ళు పోశాను. ఘాట్ మొదలైంది. మొదటి మలుపు సగంలో బండి మూలిగింది, ఆగింది, మెల్లగా వెనక్కి జారడం మొదలుపెట్టింది. నాగమణి దిగి చక్రం కింద రాయి వేసింది కాబట్టి బతికాం. మూడుసార్లు ప్రయత్నించాను. మూడుసార్లూ రాయి.

టీకొట్టు ముసలాయన లోపలికి తొంగిచూశాడు. "ఏటేసినారు బాబూ ఇందల? రైలు పట్టాలా?"

బరువు దింపుదామంటే ఏది దింపను? మంచం వెల్డింగు. పొయ్యి వెల్డింగు. బోల్టు వేసుంటే విప్పేవాణ్ణి. పరుపు దింపాను. దాని బరువెంత?

అప్పుడు నాగమణి తన సంచీ తీసుకుంది.

"నాను దిగిపోతాను మావా. అప్పుడెక్కుతాదేమో సూడు. నువ్వు పైకెల్లి సూసొచ్చీ. ఇన్నాల్లు కట్టపడ్డావు. నాను ఇక్కడ కూకుంతాను, నాకేటవుద్ది."

విసుగ్గా అనలేదు. నిజంగానే అంది. మంచం ఎక్కొచ్చు, పొయ్యి ఎక్కొచ్చు, ఎవరి కోసం ఇదంతా చేశానో ఆ మనిషి దిగిపోవాలట! నాకు ఏడుపొచ్చింది. ముసలాయన చూస్తున్నాడని రేడియేటరు వైపు తిరిగాను.

బండి తాళం వేశాను. అదిగో, ఆర్టీసీ బస్సు వస్తోంది.

"బండో?" అంటోంది.

"ఎవడెత్తుకుపోతాడు? ఎత్తాలంటే లారీడు మనుషులు కావాలి. పద!"

జనవరి 1, 1999. అరకు.

బస్సు కిక్కిరిసి ఉంది. ఆవిడకు కిటికీ పక్కన సీటు దొరికింది, నేను నిలబడ్డాను. చెమటలు. ఒక మలుపు, ఇంకో మలుపు, కాఫీ తోటలు. అనంతగిరి దగ్గర ఆవిడ కిటికీలోంచి చెయ్యి బయట పెట్టింది. చటుక్కున లోపలికి లాక్కుంది. తర్వాత అరిచింది, బస్సంతా తిరిగి చూసేలా.

"మావా! సలేత్తంది!"

కండక్టరు నవ్వాడు. నేనూ నవ్వాను. ఇక్కడికి తీసుకురావడానికి పద్దెనిమిదేళ్ళు పట్టింది ఈ వెధవకి.

లాడ్జీలన్నీ నిండిపోయాయి. ఒక టిఫిను హోటలాయన తన వరండాలో ఉండనిచ్చాడు. స్వెట్టర్లు చాల్లేదు. పొద్దున్నే చూస్తే ఎదురుగా చెట్టు కూడా కనిపించనంత మంచు. నాగమణి పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి, ముక్కు ఎర్రబడింది, నవ్వు మాత్రం ఆగడం లేదు. నోట్లోంచి ఆవిరి వదిలి, "సూడు మావా, నాను ఇంజను నాగున్నాను!" అంటోంది.

తర్వాత నా దగ్గరికి జరిగి, చేతులు నా చంకల్లో దూర్చి అంది.

"వచ్చే ఏడు కూడా వద్దాం మావా. ఆ పొయ్యి ఎలాగైనా పైకి తేగలవేటి?"

వచ్చే ఏడు అంది! అడిగింది! ఇంత సంతోషం నాకు ప్రమోషను వచ్చినప్పుడు కూడా కలగలేదు.

జనవరి 3, ఆదివారం.

బండి ఇంటికొచ్చింది. పల్లం కదా, ఏ ఇబ్బందీ పెట్టలేదు.

నిర్ణయం ఇక్కడ రాస్తున్నాను. డిసెంబరు 31, 1999. రెండువేల సంవత్సరం అరకులో, మా బండిలో! మంచం కోసేస్తాను. పొయ్యి రేకుతో చేస్తాను. స్టీలు మాట ఎత్తను. అంతా చెక్కే, తేలిగ్గా, పువ్వులా.

ఇప్పుడే ఆటోనగర్ పక్క కలప అడితికి వెళ్ళి చూసొచ్చాను. మామూలు చెక్క మరీ బోలుగా ఉంది, నాకు నచ్చలేదు. లోపల పాత ఓడ విప్పిన టేకు ఉంది. ఏం చెక్క! మూడంగుళాల మందం, గోరు దిగదు. ఎనిమిది మంది ఉంటే ఎత్తొచ్చన్నాడు. వచ్చే ఆదివారం రమ్మని మనుషులకు చెప్పేశాను.