సమురాయ్ పోసిన గంజి

ఆదివారం రాత్రి, మర్రిగూడ

సమురాయ్ మాంగా, అదే ఆ జపాన్ బొమ్మల కథ, చివరి భాగం చదివేశాను. తండ్రిని చంపినవాడి కోసం ఏళ్ల తరబడి ఊళ్లు తిరిగిన ఆ కత్తివాడు, తీరా వాడు దొరికాక చంపడు. ఆ ముసలివాడి గుడిసెలోనే ఉండి, రోజూ గంజి కాచి తాగిస్తాడు. ఎందుకు? జాలి అనుకుందామంటే, చివరి బొమ్మలో కూడా కత్తివాడి కళ్లలో కోపం అలాగే ఉంది.

సాయంత్రం అక్కను ఎత్తుకుని అరుగు దించాను. ముప్పై ఏళ్లకే మోకాళ్లు వంకర పోయాయి. ఫ్లోరైడ్ నీళ్లు. నేను హాస్టల్లో పెరిగి తప్పించుకున్నాను. అక్క మా వాకిట్లో బోరు నీళ్లే తాగి పెరిగింది.

బాపు ఉన్నట్టుండి అన్నాడు: "అందరు వద్దన్నా నేనే బోరు ఇంకా లోతుకు ఏపిచ్చిన బిడ్డా. మంచినీళ్లు పడ్తయనుకున్న."

"ఊకో బాపూ, నీకేం ఎరుక?" అంది అక్క.

నేను ఆ మాట అనలేకపోయాను.

బాపు చెయ్యి కూడా ఇప్పుడు నోటిదాకా లేవడం లేదు. ఇందాక అన్నం కలిపి నేనే తినిపించాను. ముద్ద ముద్దకూ ఆయన నా కళ్లలోకే చూశాడు. వాటిలో ఏం కనిపించిందో, సగం తిని చాలన్నాడు.