ఆరీఫా నీళ్లు పట్టిన ఇల్లు

అల్లా పేరు తలుచుకొని, అనంతపురం పక్కన బుక్కరాయసముద్రంలో కాపురముండే, కీర్తిశేషులు ఇమాంసాబ్ భార్య జుబేదాబీ అనే నేను, డెబ్బై రెండేండ్ల వయసులో, నా బుద్ధి నా దగ్గర ఉండంగనే, ఒకరి బెదిరింపూ బుజ్జగింపూ లేకుండా రాపించిన వీలునామా. బుద్ధి సరిగా ఉండాదా అని దస్తావేజుల రైటరు లక్ష్మీపతి నన్నే అడిగినాడు. కొళాయి ఏ పొద్దు వస్తుందో తెలుసు, వీధిలో ఎవరి బిందె యాడ సొట్టపడిందో తెలుసు, ఇంక బుద్ధికి ఏం కావాలప్పా అన్నా. ఆయప్ప నవ్వి, స్థిరచిత్తంతో అని రాసుకున్నాడు.

ఇంతకు ముందు నేను ఏ వీలునామా రాయలేదు. నా మాటలు బాగు చేయొద్దని, చెప్పింది చెప్పినట్టు రాయమని రైటరుకు గట్టిగా చెప్పినా. కాబట్టి తప్పులుంటే నావే.

1. నా ఆస్తి ఈ ఇల్లొకటే. స్థలం పట్టా ఆడోళ్ల పేరు మీదనే ఇస్తామన్నారు గనక నా పేరుతో వచ్చింది. తూర్పున వీధి, పడమర తిప్పమ్మ ఇల్లు, తక్కిన రెండు దిక్కులా దారి. మూడు గదులు, వంటిల్లు, నీళ్ల సంపు, మిద్దెక్కే మెట్లు, పెరట్లో రేకుల కొట్టం, కోళ్ల గూడు. అప్పు లేదు, తకరారు లేదు.

2. నాకు ఇద్దరు కొడుకులు పుట్టినారు. పెద్దోడు సర్ఫరాజ్, గుంతకల్లులో రైల్వే పని. చిన్నోడు అతావుల్లా, ఈ ఇల్లు కట్టిస్తాండంగనే రోడ్డు మీద లారీ తగిలి పోయినాడు. వాని పెండ్లాము ఆరీఫా, వాని బిడ్డ ఇఫ్రా ఈ ఇంట్లోనే నాతో ఉండారు. మా మత ధర్మం ప్రకారం, ఒక కొడుకు బతికుండంగ, తల్లికంటే ముందు పోయిన కొడుకు పెండ్లానికీ బిడ్డకూ ఆస్తిలో పాలు రాదు. అంటే నేను కన్ను మూస్తే ఇల్లంతా సర్ఫరాజ్‌దే. మొన్న బక్రీదుకు వచ్చినప్పుడు, అన్నం తింటా, అమ్మ తర్వాత ఇల్లు అమ్మేస్తామని, ఆరీఫా బిడ్డను తీసుకొని కొత్తచెరువులో పుట్టింటికి పోవచ్చని మెల్లగా అన్నాడు. ఆరీఫా వినింది. వినీ వానికి ఇంకొంచెం కూర వేసింది.

3. అందుకే, ఈ ఇల్లు ఎట్ల లేచిందో కాగితం మీద ఉండాలని చెప్తాండా. ఇది ఆస్తి వివరం కాదని రైటరు గొణుగుతాండాడు. ఇదే అసలు వివరం, రాయప్పా.

అతావుల్లా పోయేటప్పటికి గోడలు కిటికీల మీది దాకా లేచినాయి, కప్పు లేదు. మొగుడు పోయిన ఆడది ఇద్దత్ నెలలు ఇల్లు దాటకూడదు, పరాయి మగోళ్ల కంట పడకూడదు. ఆరీఫా రేకుల కొట్టంలో కూర్చునింది. ఎండ చూస్తే నిప్పులు చెరుగుతాండాది. కొత్త గోడకు నీళ్లు పట్టకపోతే సిమెంటు బూడిదయిపోతుంది. నాకు మోకాళ్లు లేవు, మా ఆయన కొడుకు పోయిన దిగులుతో మంచం పట్టినాడు. ఆరీఫా లేసి బిందె ఎత్తుకొనింది. అంతే, మా వాళ్లల్లో గుసగుసలు. కప్పు లేని ఇల్లు ఇల్లెట్ల అవుతుంది, అది బయలే కదా, ఇద్దత్‌లో బయటికి వచ్చినట్టే కదా అని.

నేను మసీదు పెద్దాయన్నే పిలిపించినా. ద్వారబంధం పెట్టిన పొద్దు పాతిహా చదివి దువా చేసింది మీరే, ద్వారబంధం నిలబడినాక అది ఇల్లా బయలా మీరే చెప్పండి అన్నా. ఆయన గడ్డం నిమురుకొని ద్వారబంధం దిక్కు చూసినాడు, ఇల్లే అన్నాడు. మంచి మనిషి, అల్లా ఆయన్ను సల్లగా చూడనీ.

ఇంక మేస్త్రీ గంగాధరప్ప. ఆయప్ప వచ్చేటప్పుడు వాకిట్లో నిలబడి తాపీతో గోడ మీద టకటకా కొట్టేవాడు. ఆరీఫా కొట్టంలోకి పోయేది. ఆయప్ప పోయినాక ఈ పిల్ల వచ్చి నీళ్లు పట్టేది. ఇటుక కదిలిన చోట, పూత పగిలిన చోట బొగ్గుతో గీత పెట్టేది. మర్నాడు ఆయప్ప ఆ గీత చూసి ఆడ సరిచేసేవాడు. ఒకరి మొగం ఒకరు చూడకనే, ఒక్క మాట అనుకోకనే, ఇద్దరూ గోడలు కప్పు మట్టానికి తెచ్చినారు. ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అంటారు. నా కోడలు గుండె పగిలి ఉండంగ కట్టి చూపించింది.

స్లాబు పోసినాక నీళ్ల కరువు ముదిరింది. ట్యాంకరు రాలే. స్లాబు మీద నీళ్లు నిలబెట్టాలంటే యాడ తేవాల? ఆరీఫా చెనక్కాయ పొట్టు మూటలు తెప్పించి మిద్దె నిండా పరిపించి తడిపింది. పొట్టు నీళ్లు పట్టుకొని సాయంత్రం దాకా ఇడవలే. తిప్పమ్మ అది చూసి, గుడ్డలు జాడించిన రెండో నీళ్లు మా ఇంటికి మోసుకొచ్చింది. ఆ యమ్మను చూసి వీధి ఆడోళ్లంతా తెచ్చినారు. మా కప్పు వీధి వీధంతా గుడ్డలుతికిన నీళ్లతో గట్టిపడింది. ఈ పొద్దుటికీ ఒక్క చుక్క కురవలే.

కురవలే అంటే, ఒకసారి కురిసింది. అది ఆరీఫా తప్పు కాదు, మా ఆయన తప్పు. దూది ఏకి పరుపులు కుట్టే మనిషి, పుట్టినప్పటి నుంచి మట్టిమిద్దె కిందనే బతికినోడు. వానకు ముందు మిద్దె మీద చౌడుమన్ను పరచకపోతే ఆయనకు నిద్ర పట్టదు. దిగులు తగ్గి లేసినాక, సిమెంటు స్లాబు మీద కూడా బండెడు చౌడు తెచ్చి పరిచేసినాడు! మా సీమ మగోడు తప్ప ఎవరు చేస్తారు ఆ పని? వాన రానే వచ్చింది, మన్ను గొట్టాల్లో అడ్డుపడింది, నీళ్లు నిలబడి గోడెంబడి దిగినాయి. నేను నోరు చేసుకున్నా. ఆరీఫా మాత్రం, కోళ్ల గూడు కప్పు కురుస్తాండాది మామా, ఆ మంచి చౌడు దానికైతే బాగుంటుందని చెప్పింది. ఆయన మురిసిపోయి తన చేత్తోనే దించి గూటి మీద పరిచినాడు. పోయేదాకా ఏటేటా పరిచినాడు. ఇల్లూ నిలిచింది, మామ పరువూ నిలిచింది. ఇంత తెలివి నాకుంటే నా కాపురం ఇంకా సుఖంగా సాగేది.

ఇద్దత్ తీరినాక పుట్టింటోళ్లు బండి తీసుకొని వచ్చినారు. గోడలు ఇంకా పచ్చిగుండాయి, ఇడిచి రాలేనని పంపించేసింది. తర్వాత గంగాధరప్ప దగ్గరే టైల్సు పరిచే పని, కొళాయిలు బిగించే పని నేర్చుకొనింది. వంటింట్లో పరిచింది తనే. ఇప్పుడు వీధిలో ఎవరి కొళాయి కారినా ఆరీఫా కావాల. పొద్దున నీళ్లు పట్టి, రొట్టెలు చేసి, నాకు తల దువ్వి, పనికి పోతుంది. కూతురు లేదని నేను ఏడ్చిన ఏడుపంతా తలుచుకుంటే ఇప్పుడు సిగ్గయితాండాది.

4. పై కారణాల వల్ల, వారసులు కానోళ్లకు మూడో వంతు దాకా రాసివ్వొచ్చని ధర్మం నాకు ఇచ్చిన హక్కు కింద, వంటిల్లు, దాని పక్క గది, నీళ్ల సంపు, మిద్దెక్కే మెట్లు, వీటిని కోడలు ఆరీఫాకు సర్వహక్కులతో రాసిస్తాండా. తక్కింది కొనేవాడు ఎవడైనా నీళ్లకూ మెట్లకూ ఆరీఫానే అడగాల. అమ్మ జిత్తులు చేసిందని సర్ఫరాజ్ అనుకుంటే అనుకోనీ. అవునప్పా, జిత్తులే.

5. రాగి కాగు పెద్ద కోడలికి. వచ్చినప్పుడల్లా మా నీళ్లు ఉప్పగా ఉండాయని మూతి ముడుస్తుంది. గుంతకల్లు తియ్యని నీళ్లు దాంట్లో కాచుకోనీ. కోపంతో ఇస్తాండానని అనుకోవద్దు, ఆ కాగు మా అమ్మది, మంచి వస్తువు. మా ఆయన పరుపులు కుట్టిన దబ్బనం ఇఫ్రాకు. అది చదువుకునే పిల్ల, దబ్బనంతో ఏం చేస్తుందో నాకు తెలీదు, కానీ ఆయన ఈ పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకొని కుట్టేవాడు. నా రోలు తిప్పమ్మకు. ఎట్లాగూ సగం రోజులు వాళ్లింట్లోనే ఉంటాది.

6. సర్ఫరాజ్‌కు. నువ్వు చెడ్డోనివి కాదు నాయనా. తమ్ముడు పోయిన పొద్దు వాని పక్క నుంచి లేవనోనివి, నాకు కండ్ల ఆపరేషను చేయించినోనివి. నీ మీద నాకు కోపం లేదు, భయముండాది. నా కోరిక మూడో వంతు కాదు. ఇల్లంతా ఆరీఫాకూ ఇఫ్రాకూ ఉండాలని. అంత ఇచ్చే హక్కు నాకు లేదు, నీకే ఉండాది. నేను పోయినాక నువ్వు ఒప్పుకొని సంతకం చేస్తేనే అది చెల్లుతుందంట. నీకుండేదానికి ఇల్లుండాది. వాళ్లకు ఇదొక్కటే. ఆజ్ఞ కాదు, అడుక్కుంటాండా.

7. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత గంగాధరప్పది. గోడ వంకర పోతే ఊరుకోని మనిషి, దీన్నీ వంకర పోనీడు.

8. ఇది కడాకు చేర్పించినా. రైటరు పైదంతా చదివి వినిపించేటప్పటికి సర్ఫరాజ్ వచ్చి కూర్చున్నాడు, నేనే పిలిపించినా. ఆరో అంశం కాడ తల వంచుకున్నాడు. అయినాక ఆరీఫాను పిలిచి నీళ్లడిగి తాగినాడు, పెన్ను అందుకున్నాడు. ఈ పొద్దు చేస్తే చెల్లదప్పా, అమ్మ తర్వాత చేసేదే చెల్లుతుందని లక్ష్మీపతి చెప్పినాడు. తెలుసులే అని చేసేసినాడు. నేను ఏడ్చినా, దాచుకోలే. చెల్లని పొద్దున ఇంత బాగా చేసినావు నాయనా. చెల్లే పొద్దున నేనుండను.

తేదీ: 2025 ఆగస్టు 11, సోమవారం, బుక్కరాయసముద్రం.

రాపించినది: జుబేదాబీ (ఎడమ చేతి బొటనవేలి ముద్ర)

సాక్షులు:
1. గంగాధరప్ప, మేస్త్రీ
2. తిప్పమ్మ, పడమటింటి ఆమె (వేలిముద్ర)

దస్తూరి: లక్ష్మీపతి, దస్తావేజుల రైటరు

సర్ఫరాజ్ సమ్మతి, ఈ పొద్దుది: సర్ఫరాజ్

సర్ఫరాజ్ సమ్మతి, నా తర్వాతది: ........................