నా పనిముట్ల పెట్టె దొరికింది

పన్నెండో తేదీ, శుక్రవారం
మధ్యాహ్నం, వరండాలో కూర్చుని

చిరంజీవి టకటకకి,

తాతయ్య దీవెనలు. బాగా చదువుకున్నవాళ్ళు ఇక్కడ నాలుగు వరసలు గొప్పగా రాస్తారట. ఐదో తరగతిలోనే బడికీ నాకూ చెడింది కాబట్టి నాకు తెలిసింది ఇంతే: నువ్వు బాగుండాలి, వేళకి తినాలి, ఈ ఉత్తరం చివరిదాకా చదవాలి. మధ్యలో ఆపి ఫోన్ చేస్తే నేను ఎత్తను. ఆ చెప్పేదేదో ఫోన్లోనే చెప్పొచ్చుగా అని మీ అమ్మమ్మ కూడా గొణిగింది. ఫోన్లో అయితే నువ్వు నాకు అడ్డొస్తావు. కాగితానికి నోరు లేదు, నాకు అందుకే అదంటే ఇష్టం.

ఇక్కడ అందరం క్షేమం. మీ అమ్మమ్మ మోకాళ్ళు మన మెట్లెక్కేటప్పుడే నొప్పి పెడతాయి, పక్కింటి మెట్లెక్కేటప్పుడు పెట్టవు. మీ అమ్మ నా మందుల డబ్బాకి తాళం ఒక్కటే వెయ్యలేదు. మీ నాన్న, అంటే మా అల్లుడుగారు, మూడు రోజులుగా కాలరెగరేసుకుని తిరుగుతున్నారు. ఎందుకో చెప్తా.

ముందు నీ మెసేజ్ సంగతి. మీ అమ్మ ఫోన్లో దాన్ని రెండు రోజులు చదివాను. అక్షరం అక్షరం పట్టుకుని చదివేవాణ్ణి కదా, దుఃఖం కూడా నాకు విడతలుగా వచ్చింది. ఆరేళ్ళయింది, పద్నాలుగు సినిమాలకి అడుగులు వేశాను, తలుపులు తీశాను, గాజులు పగలగొట్టాను, ఒక్కరికీ వినపడలేదు అన్నావు. ఈ చప్పుళ్ళన్నీ కంప్యూటర్లో రెడీగా దొరుకుతుంటే ఇంకా చెప్పులు మార్చుకుంటూ ఈ తిప్పలెందుకు అని ఆ డైరెక్టరు నవ్వాడన్నావు. ఒకటో తారీఖు నుంచి పళ్ళ డాక్టరు దగ్గర చీటీలు రాసే ఉద్యోగంలో చేరతానన్నావు, కొత్త సినిమాకి పిలిచినవాళ్ళకి ఇక రానని సోమవారం చెప్పేస్తానన్నావు. సరే. ఆ తర్వాత రాసిన ముక్క ఉంది చూడు, అది గుచ్చుకుంది. బాగుందనేది నువ్వొక్కడివే తాతయ్యా, కానీ నువ్వు అన్నిటినీ బాగుందనే అంటావు, మొన్న నేనింకా వినిపించకముందే అద్భుతం అనేశావు, నీ మెప్పుని నేనేం చేసుకోను అన్నావు.

దానికి నా దగ్గర జవాబుంది. కాస్త ఆగు, వస్తా.

మంగళవారం మధ్యాహ్నం ఆటకి నలుగురం నీ సినిమాకి వెళ్ళాం. నేను ఇస్త్రీ చొక్కా వేసుకున్నా. ఇంకోటి కూడా పెట్టుకున్నా, అదేంటో ఇప్పుడు చెప్పను. పెళ్ళికొడుకులా ఉన్నారు, ఎవరి పెళ్ళికో అని మీ అమ్మమ్మ నన్ను ఎగాదిగా చూసింది. సినిమా సగం దాకా ఆవిడకి హీరోది సొంత జుట్టు కాదన్న దిగులే. నాకు మాత్రం ఫైటింగు మొదలైతే చాలు, సీటు పట్టుకుని కూర్చోవాల్సి వచ్చింది. ఆ విరుగుతున్న ఎముకల చప్పుళ్ళన్నీ క్యారెట్లే మావయ్యగారూ, అమ్మాయి సంచీడు కొనుక్కెళ్తుంది అని అల్లుడుగారు ధైర్యం చెప్పారు.

ఇంటర్వెల్ అయ్యాక, ఆ ముసలావిడ ఇరవై ఏళ్ళకి పుట్టింటికి తిరిగొస్తుందా, రెండు నిలువుల ఎత్తు తలుపు ముందు నిలబడుతుందా, పాట లేదు, మాట లేదు. ఆవిడ చెయ్యి చాపి తలుపు నెట్టింది. అది కిర్ర్ర్‌మని సగం దాకా వచ్చి, ఒక్క క్షణం పట్టుకుని, టక్కున వదిలింది.

నేను లేచి నిలబడ్డాను. నా పెట్టె, నా పెట్టె అని అరిచాను.

ముందు సీట్లో ఆయన పాపం తన కాళ్ళ కింద వెతికాడు. మీ అమ్మమ్మ నేనెవరో తెలియనట్టు పక్క సీట్లోకి జరిగింది. టార్చిలైటాయన పరిగెత్తుకొచ్చి, ఏం పెట్టె పెద్దాయనా, ఏ రంగు, ఎక్కడ పెట్టావు అని అడిగితే తెర వైపు చూపించాను. ఆయన టార్చి నా మొహం మీద వేసి కాసేపు చూశాడు.

ఆ పెట్టె కథ నీకు పూర్తిగా తెలీదు. వడ్రంగం నేర్చుకోవడానికి మేస్త్రీ దగ్గర చేరిన ఏడాది నా చేత్తో నేను చేసుకున్న మొదటి వస్తువది. మూతని పెట్టెకి కలిపే చివరి బందుకి ఒక స్క్రూ తక్కువైంది. ఎవరు చూడొచ్చారులే అని లావుపాటి స్క్రూ ఒకటి తెచ్చి వంకరగా దిగ్గొట్టాను. అప్పట్నుంచి మూత సగంలో పట్టేస్తుంది. మేస్త్రీ నెత్తిన ఒకటి మొట్టి, బాగుచెయ్యకు, తీసినప్పుడల్లా నీ బద్ధకం నీకు వినపడాలి అన్నాడు. నలభై ఏళ్ళు విన్నాను. ఆ గొంతు నాకు తెలీదా?

పనిముట్లన్నీ పంచిపెట్టేశాక ఖాళీ పెట్టె నా మంచం కింద ఉండేది. మూడేళ్ళ కింద మాయమైంది. సరిగ్గా ఆ వారమే అల్లుడుగారు పాత పేపర్లు అమ్మేశారు. ఇంకేముంది, పెట్టె కూడా అందులోనే పోయిందని తీర్పు చెప్పేశా. మూడేళ్ళు, వచ్చినవాళ్ళందరి ముందూ, మా అల్లుడుగారు చాలా మంచివారు, ఆయన కంటపడ్డ చెక్క మాత్రం ఇంట్లో ఉండదు అని చెప్పుకున్నా. ఆ వారమే నువ్వు సెలవులకి వచ్చి వెళ్ళావన్న సంగతి నాకు తట్టనే లేదు. దొంగ సొంత మనవరాలే అవుతుందని ఏ తాత అనుకుంటాడు?

హాల్లో నేను అరిచేసరికి అల్లుడుగారికి వెలిగింది. ఆయనా లేచారు. విన్నారా మావయ్యగారూ, విన్నారా, నేను అమ్మలేదు కదా, అందరూ వినండి, నేను అమ్మలేదు అని నాకంటే గట్టిగా అరిచారు. టార్చిలైటాయన ఇద్దరినీ కూర్చోబెట్టడానికి పడ్డ పాట్లు నువ్వు చూడాల్సింది. ఈ అరుపుల్లో నాకు ఇంకో పక్కన కూర్చున్న ఎవరో ఆవిడని గమనించాను. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, తడి కళ్ళతో తెరనే చూస్తోంది. మా గొడవ ఆవిడ చెవిన పడలేదు, తలుపే పడింది.

మర్నాడు ఒక్కణ్ణే మళ్ళీ వెళ్ళాను. ఈసారి తెర చూడలేదు. ముందు వరసలో కూర్చుని, ఆ తలుపు వచ్చే వేళకి వెనక్కి తిరిగి జనాన్ని చూశాను. కిర్రుమన్నప్పుడు అందరూ ఊపిరి బిగబట్టారు. టక్కున వదిలినప్పుడు హాలు హాలంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. పాప్‌కార్న్ గుప్పెట్లో పట్టుకున్నవాడు నోట్లో వేసుకోవడం మర్చిపోయాడు. ఎందుకు బిగబట్టారో, ఎందుకు వదిలారో ఒక్కడికీ తెలీదు. నాకు తెలుసు. అంతమందిని ఒకేసారి పట్టుకున్నది నా బద్ధకం స్క్రూ, నీ చెయ్యి. మనిద్దరం కలిసి చేసిన మొదటి తలుపు అది.

నేను చేసిన తలుపుల్ని ఎవరు చూశారు చెప్పు. రోజుకి పదిసార్లు వాటిలోంచే వెళ్తారు, వస్తారు. తలుపు పట్టేసినప్పుడే వడ్రంగి గుర్తొస్తాడు, అదీ తిట్టడానికి. అలాగని నేను చిత్రిక పట్టడం మానేశానా? ఇక ఆ డైరెక్టరు కంప్యూటర్లో వంద తలుపులు ఉండొచ్చు. అందులో నా వంకర స్క్రూ ఎక్కడుందో చూపించమను.

నీ పేరు కోసం మాత్రం మూడు రోజులు పట్టింది. సినిమా అయిపోగానే లైట్లు వేసేస్తారు, జనం లేస్తారు, అడ్డం. పైగా ఆ పేర్లు నా చదువు వేగానికి రాయలేదు. నేను ఒకటి పూర్తి చేసేలోపు పాతిక పైకి పోతున్నాయి. మూడో రోజు టార్చిలైటాయనే, నన్ను చూడగానే నవ్వి పలకరించాడు. మా మనవరాలి పేరు కోసం వచ్చానంటే, ఆ అమ్మాయి ఏం చేస్తుంది పెద్దాయనా అని అడిగాడు. అడుగుల చప్పుడూ తలుపుల చప్పుడూ షూటింగులో సరిగ్గా రావు, తర్వాత ఒక గదిలో తెర చూసుకుంటూ మళ్ళీ చేస్తారు, ఆ చేసేది మా పిల్ల అన్నాను. పన్నెండేళ్ళుగా రోజుకి నాలుగాటలు చూస్తున్నా, ఈ సంగతి తెలీదే అన్నాడు. రెండు నిమిషాలు లైట్లు ఆపించి నా పక్కన నిలబడ్డాడు. ముందు ఆయనకే దొరికావు, కార్లు నడిపినవాళ్ళ పైన, భోజనాలు పెట్టినవాళ్ళ కింద. అదిగో పెద్దాయనా అని టార్చి నేరుగా నీ పేరు మీద వేశాడు. ఖాళీ హాల్లో ఇద్దరం చప్పట్లు కొట్టాం. ఊడ్చే ఆవిడ కూడా చీపురు చంకలో పెట్టుకుని కొట్టింది, ఎందుకో అడగకుండానే.

చేరతావో మానతావో నీ ఇష్టం. పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళినా నాకు కోపం లేదు, నా కట్టుడు పళ్ళకి కాస్త పలుకుబడి దొరుకుతుంది. కానీ ఎవరికీ వినపడలేదు కాబట్టి మానేస్తున్నా అని మాత్రం అనకు. అది అబద్ధం. మానాలంటే వేరే కారణం వెతుక్కో.

దీంతో పాటు ఒక పార్సిల్ పంపుతున్నా, సోమవారం లోపే చేరుస్తానని కొరియరాయన మాటిచ్చాడు. అందులో తుప్పు బందులు మూడు, మన పాత ఇంటి గడియ, నీ ఉయ్యాల కొక్కెం ఉన్నాయి. ఒక్కోదానికి చీటీ కట్టాను, ఏది ఏడుస్తుందో ఏది సణుగుతుందో రాసి. మీ అమ్మమ్మని కూడా పార్సిల్లో పెడదామనుకున్నా, పట్టలేదు. పెట్టె మాత్రం తిరిగి ఇవ్వకు, నీ దగ్గరే ఉంచు. ఆ బందుకి నూనె వేశావని తెలిసిందా, నీకూ నాకూ మాటల్లేవు.

మీ నాన్నకి క్షమాపణ చెప్పాను. ఇంకోసారి చెప్పండి, సరిగ్గా వినపడలేదు అన్నారు. నాలుగుసార్లు చెప్పించుకున్నారు.

నిన్ను చూసుకుని మీసం లేకపోయినా మెలేస్తున్న,
మీ తాతయ్య

తా.క.: ఇక ఆ జవాబు. నువ్వు అన్నది నిజమే. నాకు చెవులు పోయి ఆరేళ్ళు దాటింది టకటకా. ఈ ఆరేళ్ళలో నువ్వు ఫోన్లో వినిపించిన చప్పుళ్ళలో ఒక్కటీ నాకు వినపడలేదు. మాటలైతే మీ అమ్మమ్మ నా చెవిలో అరిచి అందించేది. చప్పుళ్ళని ఎలా అందిస్తుంది పాపం? ఒకసారి తలుపు చప్పుడు నోటితో చెయ్యబోతే, పిల్లి ఎక్కడ ఇరుక్కుంది అని పక్కింటివాళ్ళు వచ్చారు. అప్పట్నుంచి నీ చప్పుడు అయిపోగానే నా మోకాలు గిల్లేది, నేను అద్భుతం అనేవాణ్ణి. మొన్న గిల్లింది మీ అమ్మమ్మ కాదు, దోమ.

మీ అమ్మ కొన్న చెవి మిషన్ ఇన్నాళ్ళూ మేజోళ్ళ కింద దాచాను. చప్పుళ్ళు చేసి బతికే పిల్లతో, నీ తాతకి వినపడదమ్మా అని ఏ నోటితో చెప్పను? నువ్వు వచ్చినప్పుడల్లా నేనే వాగింది అందుకే. వాగేవాణ్ణి వినపడుతోందా అని ఎవరూ అడగరు. ఇంత చప్పుళ్ళ దానివి, నువ్వూ కనిపెట్టలేదు. కాబట్టి తిట్టే హక్కు నీకు సగమే ఉంది.

నీ మెసేజ్ చదివాక దాన్ని బయటికి తీశాను. మంగళవారం ఇస్త్రీ చొక్కాతో పాటు పెట్టుకున్నది అదే. అంటే నేను విన్న నీ మొదటి సినిమా ఇది. ఇంతకుముందు అన్న అద్భుతాలన్నీ కొట్టెయ్. ఈ ఒక్కటి ఉంచుకో, ఇది విని అన్నది.

ఇప్పుడు ఫోన్ చెయ్యి, ఎత్తుతా. ఏమీ మాట్లాడకు, పెట్టె మూత తెరువు. మీ అమ్మమ్మని గదికి ఆ చివర కూర్చోబెడతాను. దోమల మందు కూడా పెట్టాను.